ఎనభై మూడో పేజీ

నోటీసు బోర్డు మీద కాయితం నానే అంటించినాను.
గమ్ము ఎండిపోనాది, కేరేజీలోంచి నాలుగు మెతుకులు తీసి రాసినాను.
బోనెల సువర్చల, సివిల్ విభాగం,
సెమినార్ హాల్లో పదిన్నరకి మౌఖిక పరీక్ష,
అందరూ ఆహ్వానితులే అని ఉన్నాది.
అందరిలో నానున్నానో లేనో ఎవుల్నీ అడగలేదు.
సేతిలో టీ ట్రే ఉంటే
ఏ తలుపైనా దారిస్తాది.

ఇరవై రెండేల్లు కాంక్రీటు లేబులో.
దిమ్మలు నానే పోస్తాను, నానే నానేస్తాను,
ఇరవై ఎనిమిదో రోజున నానే మిషను కింద ఎడతాను.
ఇరిగేముందు దిమ్మ ఓ సప్పుడు సేస్తాది,
ముల్లు ఆగకముందే నాకు తెలిసిపోతాది.
ఆ సప్పుడు ఏ థీసిస్‌లోనూ రాయలేదు.

ఈ గుంట నెల్లిమర్ల నుంచి
గోగునార మోపు స్కూటీ మీద తెచ్చుకున్నాది.
"కాంక్రీటులో నారేటమ్మా?" అని నవ్వినాను.
"గోడమట్టిలో వరిగడ్డి ఎందుకు తొక్కుతారు మావయ్యా?" అన్నాది.
ఆపాటి నుంచి నవ్వలేదు.
ఏలి కణుపంత ముక్కలు కత్తిరించడానికి
కత్తెర నాదే ఇచ్చినాను.

ఇప్పుడు తెర మీద గీత ఎక్కుతన్నాది, ఎక్కుతన్నాది,
ఒక్కసోట గోతిలో పడి
మళ్ళీ లెగుస్తాది.
ఖరగ్‌పూర్ నుంచి వొచ్చిన పెద్దాయన, సమోసా ముట్టనోడు,
ఎర్రలైటు చుక్క సరిగ్గా ఆ గోతిలో ఆపినాడు.
అడిగింది ఇంగ్లీషులో.
ఆ చుక్కకి ఇంగ్లీషు అక్కర్లేదు.

ఆ మూడు దిమ్మలూ నాకు తెలుసు.
రోహిణి కార్తె. మోటారు కాలిపోనాది.
తొట్టిలో నీల్లు అడుక్కి పోనాయి.
స్టోర్సు బాబుకి సెప్తే నా కాంట్రాక్టు కాయితం గుర్తొస్తాది ఆయనకి.
నాలుగు రోజులు గోనె కప్పి ఊరుకున్నాను.
అయిదో నాడు రాత్రి బోరింగు కొట్టి, బకెట్లు మోసి, నింపీసినాను.
గోగుకట్టలు సెరువులో నానేసి బతికిన ఇల్లు మాది,
నీల్లు తప్పితే ఏటవుద్దో నాకు తెలీదేటి?

గైడు సత్యవోలు సారు గ్లాసులోకి సూస్తన్నారు.
ఆయన ఎప్పుడో సెప్పినారు, "ఆ మూడూ తీసెయ్యమ్మా, గీత బావుంటుంది" అని.

సువర్చల మైకు మీద సెయ్యేసి నిలబడ్డాది.
"తెలీదు సార్.
లెక్క మూడుసార్లు చూశాను. తెలీలేదు.
తెలీదు కాబట్టే తీసెయ్యలేదు."

ఫాను సప్పుడు.
ఎనక వరసలో ఎమ్‌టెక్ గుంటలు ఫోన్లు దించినారు.

ఇరిగేముందు సప్పుడుంటాదన్నాను కదా,
అది నాలోంచి వొచ్చినాది.
"మోటారు కాలిపోనాది సార్."

ట్రేలో కప్పులు ఒకదానికొకటి తగిలినాయి.
తలకాయలన్నీ ఎనక్కి తిరిగినాయి.
పెద్దాయన సారుచేత అడిగించినాడు, ఎన్ని రోజులని.
నాలుగు వేల్లు సూపించినాను.

కోపడలేదు. రాసుకున్నాడు.
నారలేని దిమ్మయితే ఇంకా కిందకి పోయుండునని
ఏదో అన్నాడట. మళ్ళీ పోసి సూడాలట.
అదంతా సారు తరవాత సెప్పినారు,
నాకప్పుడు ఇనబడలేదు.

అందర్నీ బయటకి పంపి తలుపేసినారు.
వరండాలో ఆ గుంటా నానూ.
గైడుకి కప్పడానికి కోట దగ్గర కొన్న శాలువా
కవరుతోపాటు నలిపేస్తన్నాది.
"ఆ మూడింటి కోసం రెణ్ణెల్లు నిద్ర లేదు మావయ్యా."
అంతే. తిట్టలేదు.
తిట్టుంటే బావుణ్ణు.

లోపలికి పిలిసినారు. సప్పట్లు. డాక్టరైపోనాది.
ఎనభై మూడో పేజీలో ఒక్క లైను కలపమన్నారంట.

వారం పోయాక లేబుకొచ్చి సదివి సెప్పినాది.
నీటి సరఫరాకి నాలుగు దినాలు అంతరాయం.
నా పేరు లేదు. మోటారు పేరూ లేదు.
ఆ లైను ఎక్కడని ఏలు పెట్టినాను,
సిమెంటు ఏలు, కాయితం మీద మరక పడ్డాది.
తుడవబోతే
"ఉండనీ" అన్నాది.

బైండింగుకెల్లేది అదే కాయితమో, ఇంకోటో.

ఆమె స్కూటీ సప్పుడు గేటు దాటినాక
తొట్టి మూతెత్తి సెయ్యి ముంచినాను.
మోచెయ్యి దాకా నీల్లు.
అయినా బకెట్టు తెచ్చినాను.